వేపనూనె అని చెప్పాను

ఏడేళ్లుగా మోస్తున్నానండీ దీన్ని. మిరపకాయల బస్తా అయితే భుజం మార్చుకుంటాం, అరుగు కనపడితే దించుతాం. దీన్ని దించడానికి అరుగు దొరకలేదు. అన్నం తింటుంటే పక్కనే కూర్చుంటుంది. నవ్వుతుంటే నవ్వులో గుచ్చుకుంటుంది. పైగా ఊళ్లో జనం నన్ను చూసి "వీడికేం, నవ్వుతా నవ్విస్తా బతికేస్తాడు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది. ఎవరి మీద మంట? వాళ్ల మీదా, నా మీదా? ఇద్దరి మీదానూ.

నా పేరు మీకెందుకులెండి. ఊరు గుంటూరు నుంచి పర్చూరు పోయే వైపు. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. పంతులుగారు లేపి లెక్క అడిగితే జోకు చెప్పేవాణ్ణి. క్లాసంతా నవ్వేది, ఆయనా నవ్వేవాడు, లెక్క సంగతి మర్చిపోయేవాడు. నాకొచ్చిన చదువు అదొక్కటే. ఎవరన్నా గట్టిగా నిలదీస్తే ముందు నవ్వించాలి. నవ్వినవాడు మళ్లీ అడగడు. ఈ ఒక్క విద్యతో నేనొక కుక్కను చంపాను, ఒక మనిషిని ఊరు దాటించాను.

కుక్క మాదే. పేరు ప్రెసిడెంటు. ఆ పేరు పెట్టింది నేనే. పొద్దున్నే ఊరంతా ఒక చుట్టు తిరిగి, అందరి మీదా అరిచి, పనేమీ చెయ్యకుండా వచ్చి వసారాలో పడుకునేది. అసలు ప్రెసిడెంటుగారు కూడా విని నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి. పేరు నేను పెట్టానే గానీ పెంచింది మా ఆవిడ నాగేంద్రం. పత్తి తీతకి పోయినప్పుడు చేలో పత్తి నింపే బోరెం సంచిలో ముడుచుకుని పడుకున్న పిల్లను చీర కొంగులో పెట్టుకొచ్చింది. నాతో పది మాటలు మాట్లాడితే దాంతో వంద మాట్లాడేది. అది వినేది కదా మరి. నేను మధ్యలో అడ్డం పడతాను.

ఆ ఏడు మిరపకి ముడత తెగులు. మందు కొట్టడమే మా పని అయిపోయింది. తెల్లారితే డబ్బా భుజానికెత్తడం, పొద్దుగూకితే దించడం. అదే చలికాలంలో ప్రెసిడెంటుకి పిడుదులు పట్టాయి. చెవుల్లో, మెడ కింద, వేళ్ల సందుల్లో, రక్తం తాగి శనగ్గింజలంత అయ్యి. నాగేంద్రం కూర్చుని ఒక్కొక్కటే పీకి కిరసనాయిల్లో వేసేది. పశువుల ఆస్పత్రికి తీసుకుపొమ్మని వారం రోజులు పోరింది. నేను రేపు రేపు అన్నాను.

ఇక్కడ మా వైపు అలవాటు ఒకటి చెప్పాలి. పైరు మీద పురుగును చంపే మందు గేదె మీద పురుగును చంపదా? ఇదీ మా తెలివి. చేలో కొట్టగా సీసా అడుగున మిగిలినదాన్ని ఏదో నూనెలో కలిపి పశువులకి పూసేస్తాం. తట్టుకున్న గేదెలు తట్టుకున్నాయి. తట్టుకోనివాటికి ఏదో ఒక రోగం పేరు పెట్టి ఈడ్చుకుపోయాం. సీసా మీద పుర్రె బొమ్మ ఉంటుంది, అది చదువు రానివాడికి కూడా అర్థమవ్వాలనే వేశారు. చూస్తూనే ఉంటాం. చూసి కూడా పూస్తాం.

ఆ రోజు పొద్దున నాగేంద్రం కూలి మనుషుల్ని తీసుకుని చేలోకి వెళ్లింది. సీసాలో రెండు మూతల మందు మిగిలింది. వేపనూనెలో కలిపాను. నీళ్లు కలిపితే బలం తగ్గుతుందని కలపలేదు. పాత చొక్కా ముక్కతో మెడ నుంచి తోక దాకా రుద్ది రుద్ది పూశాను. "ఇక తమరికి ప్రతిపక్షం ఉండదు ప్రెసిడెంటుగారూ" అని దాంతో పరాచికాలాడాను కూడా. తర్వాత చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. నా చేతులు. ఇది గుర్తొచ్చినప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. నా చేతులు కడుక్కోవాలని తెలిసినవాడికి, దాని ఒంటి సంగతి తెలీదా?

మధ్యాహ్నం నాగేంద్రం అన్నానికి వచ్చేసరికి అది వసారాలో పక్కకి పడి ఉంది. నోట్లోంచి చొల్లు తీగలుగా కారుతోంది. చర్మం కింద ఎలకలు పరిగెత్తుతున్నట్టు కండలు ఎగురుతున్నాయి. లేవబోతే వెనక కాళ్లు జారిపోతున్నాయి. నాకు తెలిసిపోయింది. చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. "ఏమైందయ్యా దీనికి?" అని ఆమె అరుస్తుంటే, "ఏమో, ఇందాక బాగానే ఉంది" అన్నాను.

ఫోను చేసిన గంటకి పశువుల డాక్టరుగారు బండి మీద వచ్చారు. కుర్రాయన, మంచివాడు. ప్యాంటుకి మట్టి అంటుతుందని చూడకుండా మోకాళ్ల మీద కూర్చున్నారు. దాని కంటి రెప్ప ఎత్తి చూశారు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మర్చిపోదామని తాగి కూడా చూశాను, పోలేదు.

"ఇది పురుగుమందు లక్షణంలా ఉందయ్యా. చేలో కొట్టారా?"

"కొట్టామండి. కానీ ఇది చేలోకి రాలేదండి."

"ఒంటికేమన్నా పూశారా? పిడుదులకని మీ వాళ్లు పూస్తుంటారు. నిజం చెప్పు, తిట్టను."

"లేదండి."

ఆయన బొచ్చు మీద వేలు రాసి వాసన చూశారు. "మరి ఈ జిడ్డేంటి?"

"వేపనూనె అండి."

"వేపనూనె ఒక్కటేనా?"

"ఒక్కటే అండి. నా మొహానికే ఎప్పుడూ పౌడరు కొనుక్కోలేదు, కుక్కకి అన్ని రకాలు పూస్తానా డాక్టరుగారూ?"

ఆయన నవ్వారు. నవ్వాక మళ్లీ అడగలేదు.

వేపనూనె అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా వచ్చింది నోటికి. నిజంలో సగం కోసి పళ్లెంలో పెట్టాను. ఎందుకు? ఏడేళ్లుగా అడుగుతున్నాను నన్ను నేను. ఆయన తిట్టను అని ముందే చెప్పారు కదా. నాగేంద్రం పక్కనే నిలబడి ఉందనా, వారం రోజులు ఆమె చెప్పిన మాట వినలేదని తేలిపోతుందనా, చదువుకున్నవాడి ముందు చదువు లేనివాడినని ఇంకోసారి రుజువవుతుందనా, ఊళ్లో అందర్నీ వెక్కిరించేవాణ్ణి నన్నే ఊరు వెక్కిరిస్తుందనా? అన్నీనూ. ఎన్ని కారణాలు చెప్పుకున్నా తేలేది ఒకటే. దాని ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు పెడితే నేను పరువు తీసుకున్నాను. నాకున్నదెంత పరువని!

"అయితే ఎక్కడో మందు కలిసిన తిండి తినుంటుంది" అన్నారు డాక్టరుగారు. సూది వేశారు, సెలైను పెట్టారు. సీసాను వసారా వాసానికి కట్టాం. సాయంత్రానికి చొల్లు తగ్గింది, తల ఎత్తింది. నాగేంద్రం ఏడుస్తూ నవ్వింది. నేను గండం గడిచిందనుకున్నాను. నా గండం.

మర్నాడు మళ్లీ మొదలు. సూది వేస్తే తగ్గడం, తెల్లారితే మళ్లీ వణుకు. తిన్నదైతే కడుపులోంచి ఈపాటికి పోవాలే అని డాక్టరుగారు తల గోక్కునేవారు. నేను నేల చూసేవాణ్ణి. ఇలా పంతొమ్మిది రోజులు ఇంట్లో పెట్టుకుని చూశాం. చూశాం కాదు, ఎక్కువ నేనే చూశాను. వెనక కాళ్లు పూర్తిగా పడిపోతే, పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తి, దొడ్డికి నడిపించేవాణ్ణి. సూది తీసేసిన సిరంజితో దవడ పక్కనుంచి గంజి పోసేవాణ్ణి. ఒకే పక్కన పడుకుంటే పుళ్లు పడతాయని రెండు గంటలకోసారి తిప్పేవాణ్ణి. చలికి వణుకుతోందని దుప్పటి కప్పేవాణ్ణి. నీళ్లు పొయ్యలేదు. వణికే ప్రాణికి స్నానమేంటని. అంటే ఏంటి? ఆ నూనె దాని ఒంటి మీదే ఉంది. దాని మీద దుప్పటి. అది నాక్కుంటూనే ఉంది. నేను సేవ చేస్తున్నాననుకున్న ప్రతి గంటా విషాన్ని వెచ్చగా కప్పి ఉంచాను.

ఈ నిర్వాకానికి నన్ను పొగిడారండీ! ఎవరో కుర్రకారు నేను గంజి పోస్తుండగా ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద దణ్ణం బొమ్మలు, పూల బొమ్మలు. "కన్నబిడ్డకి కూడా ఇంత చెయ్యరు" అని రాశారు. బడిలో మేడమ్ పిల్లలకి నన్ను చూపించి దయ గురించి పాఠం చెప్పిందట. ఒక్కడన్నా, ఒక్క వెధవన్నా, "ఒరేయ్, ఒంటికేం పూశావురా" అని అడగలేదు. ఊళ్లో సగం ఇళ్లలో ఇదే పని చేస్తారు, అయినా అడగలేదు. అడిగితే వాళ్ల గేదెల లెక్క కూడా తేలుతుందని భయమేమో.

ఇక మస్తాన్ సంగతి. మా ఎదురిల్లు. మస్తాన్‌వలి పరుపులు కుడతాడు. పత్తి ఇంటికొచ్చే రోజుల్లో ఊరంతా పాత పరుపులు విప్పించి, దూది ఏకించి మళ్లీ కుట్టించుకునేది అతని చేతే. కోళ్లు పెంచేవాడు. మా ప్రెసిడెంటు ఒకసారి రెండు పెట్టల్ని పట్టేసింది. మస్తాన్ వచ్చి గట్టిగానే అరిచి వెళ్లాడు. అరిచిన మర్నాడు అదే కుక్కకి ఎముకలు పెట్టాడు. అదీ మనిషి.

కుక్క పడిపోయిన మూడో రోజున తనే వచ్చాడు. చంకలో చిన్న పరుపు. కొత్త దూది, మెత్తగా ఏకింది. "నేల మీద పడుకుంటే పుళ్లు పడతాయిరా, దీని మీద వెయ్యి" అన్నాడు. నేనూ అతనూ చెరోవైపు పట్టుకుని కుక్కను దాని మీదకి ఎక్కించాం.

అతను పరుపు తెచ్చిన రెండో రోజునే టీ కొట్టు దగ్గర ఎవరో అడిగారు, "ఏరా, ప్రెసిడెంటుకి మందు పెట్టింది ఎవర్రా?" అని. ఎవరో పెట్టారనేది అప్పటికే ఊరికి ఖాయమైపోయింది. అందరూ నా వైపు చూశారు. నిలదీసినట్టు అనిపించింది నాకు. పంతులుగారు లేపి లెక్క అడిగినట్టే. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఏముంది, మస్తాన్ కోళ్లు అవిశ్వాస తీర్మానం పెట్టినట్టున్నాయి, నెగ్గింది" అన్నాను.

కొట్టు పగిలిపోయేలా నవ్వారు.

సాయంత్రానికి నవ్వు ఆరిపోయింది, మస్తాన్ పేరు మిగిలింది. "వాళ్లకి కుక్కలంటే పడదులే" అని ఒకడు. "కోళ్ల పగ మనసులో పెట్టుకున్నాడు" అని ఇంకొకడు. అతను పరుపు తెచ్చిన సంగతి చెబితే, "చేసింది కప్పిపుచ్చుకోడానికి" అన్నారు. ఎంత తొందరగా నమ్మారండీ! నలభై ఏళ్లుగా ఆ ఇంటివాళ్లు కుట్టిన పరుపుల మీద పడుకుంటున్నవాళ్లు. వాళ్ల పెళ్లిళ్లకి పరుపులు కుట్టింది అతనూ అతని నాన్నా. ఒక్క జోకుకి ఎదురు చూస్తున్నట్టే నమ్మేశారు. ఒకడు నన్ను పక్కకి పిలిచి, "నిజంగా మస్తానేనా?" అనడిగాడు. ఆ ఒక్కడికన్నా చెప్పి ఉండొచ్చు. "నేను కళ్లతో చూళ్లేదుగా" అన్నాను. దానికంటే అవుననడమే నయం.

మాట నాగేంద్రం చెవిన పడింది. కుక్క కింద నుంచి పరుపు లాగి తీసుకెళ్లి మస్తాన్ గుమ్మంలో పడేసింది. నోటికొచ్చినట్టు తిట్టింది. మస్తాన్ బయటికొచ్చాడు. వీధికి అడ్డంగా నా వైపు చూశాడు. నువ్వన్నా చెప్పరా అన్నట్టు. నేను వంగి కుక్క మూతి తుడుస్తున్నాను. తుడిచిందే తుడిచాను.

ఆ వారంలో అతని కోళ్లు ఆరు మెడలు విరిచి వీధిలో పారేసి ఉన్నాయి. ఎవరు చేశారో ఎవరికీ తెలీదట. ఆ ఏడు పరుపులు కుట్టమని ఒక్క ఇల్లూ పిలవలేదు. మస్తాన్ ఉగాది రాకముందే ఇల్లు ఖాళీ చేసి చిలకలూరిపేట వెళ్లిపోయాడు. సామాను ట్రాక్టరుకెక్కిస్తుంటే నేను చేలో ఉన్నాను. పనేమీ లేదు, ఊరికే ఉన్నాను.

కుక్క పంతొమ్మిదో రోజున పోయింది. నాగేంద్రం ఒళ్లోనే.

ఏడాది తర్వాత అదే పశువుల ఆస్పత్రికి మా బావ దూడను తోలుకెళ్లాను. అక్కడ డాక్టరుగారు ఎవరో రైతును చెడామడా తిడుతున్నారు. చేలో మందు దూడకి పూశాడట, అదే చొల్లు, అదే వణుకు. కానీ ఆ మనిషి వచ్చీ రాగానే నిజం చెప్పేశాడు. "ముందు సబ్బు పెట్టి మొత్తం కడగండి, ఒంటి మీద చుక్క ఉండకూడదు, ఆ తర్వాతే సూది" అని బకెట్లు తెప్పించారు. నేను కూడా నీళ్లు పోశాను. రెండో రోజుకి ఆ దూడ లేచి తల్లి దగ్గర పాలు తాగిందని విన్నాను. సబ్బు బిళ్ల. నాలుగు బకెట్ల నీళ్లు. ఒక నిజం. అంతే కావలసింది.

ఇంతకాలం చెప్పలేదు. కిందటి నెలలో చెప్పాను. అదే టీ కొట్టు దగ్గర, పదిమంది ఉండగా. "మస్తాన్‌కి ఏ పాపం తెలీదు, కుక్కకి మందు పూసింది నేనే, డాక్టరుకి అబద్ధం చెప్పింది నేనే" అన్నాను. గొల్లున నవ్వారు. "నీ దుంపతెగ, ఇన్నాళ్లకి కొత్త కథ కట్టావురా!" అని వీపు మీద చరిచారు. నిజంరా అని అరిచాను. ఇంకా నవ్వారు. ఒకడికి కళ్లలో నీళ్లొచ్చాయి నవ్వలేక. మస్తాన్ మీద జోకేస్తే నిజమనుకున్నారు. నా మీద నేను నిజం చెబితే జోకనుకున్నారు. వాళ్లని ఏమనాలి? వాళ్లని అలా తయారు చేసింది ఎవరు?

ఇంటికొచ్చి నాగేంద్రానికి చెప్పాను. మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఆమె నవ్వలేదు. తొడిమలు తీయడం ఆపలేదు కూడా. తీస్తూనే అడిగింది.

"పూస్తుంటే కదలకుండా నిలబడిందా?"

"నిలబడింది."

"తోక ఊపిందా?"

నేనూ ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచాను. అదే జవాబనుకుంది. లేచి చేతులు కడుక్కుని, "మస్తాన్ అన్నయ్య పేటలో ఎక్కడుంటాడో కనుక్కో" అంది. ఆ తర్వాత ఇప్పటిదాకా అవసరమైన మాట తప్ప నాతో మాట్లాడలేదు.

బస్సులో ఆమె ముందు సీట్లో, నేను వెనక సీట్లో వెళ్లాం. మస్తాన్ కొట్టులో దూది మిషను పెట్టుకున్నాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి మిషను ఆపాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. అతను మోకాలి మీద అంటుకున్న దూది పీచు ఒక్కొక్కటే తీస్తూ విన్నాడు. అయిపోయాక తలెత్తాడు.

"మా ఇంట్లో కూడా అడిగిందిరా నన్ను. అప్పటికి పెళ్లయి ఇరవై ఏళ్లు. 'ఒట్టేసి చెప్పు, నువ్వు పెట్టలేదు కదా' అని. ఊరు అంటే అంది. ఆమె అడిగింది చూడు, అదీ."

నాగేంద్రం అతని భార్య దగ్గరికి లోపలికెళ్లింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఏడుపు వినపడింది, ఇద్దరిదో ఒకరిదో.

"నాకు చెబితే ఏమొచ్చింది? నేను పెట్టలేదని నాకు తెలుసుగా. ఊళ్లో చెప్పు" అన్నాడు మస్తాన్.

"చెప్పాను. నవ్వారు."

అతను నన్ను పైనుంచి కిందకి చూశాడు. "నువ్వు చెబితే నవ్వుతార్రా. నీ మొహం అలాంటిది. రాయి. కాయితానికి మొహం ఉండదు" అని మిషను మళ్లీ తిప్పాడు. పర్లేదులే అనలేదు. నేనూ క్షమించమని అడగలేదు. ఏం మొహం పెట్టుకుని అడుగుతాను?

అందుకని రాశాను. బడి మానేశాక ఇంత రాయడం ఇదే మొదలు, వేళ్లు వంగడం లేదు. పొద్దున్నుంచీ నోటికి ఒక్క నవ్వులాట మాట కూడా రాలేదు. ఏడేళ్లలో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.

మీలో మా ఊరివాళ్లుంటే, పేరు లేకపోయినా ఎవరో మీకు తెలిసిపోయే ఉంటుంది. ఈసారి నవ్వకండి.